ఇంటావిడ కోసం 67 మస్టాంగ్: 289 అని కొన్నా, ఇప్పుడు అనుమానంగా ఉంది

గోదారోడు_ఫ్రిస్కో · 2024 మార్చి 9

అందరికీ నమస్కారమండీ. రెండేళ్లుగా ఇక్కడ చదువుకుని చల్లగా వెళ్లిపోయే బాపతు నేను. రాయడం ఇదే మొదలు.

మా ఆవిడకి 1967 ఫోర్డ్ మస్టాంగ్ కూపే అంటే ప్రాణం. డెంటన్‌లో ఎంఎస్ చేసే రోజుల్లో ఎదురింట్లో ఒకటి ఉండేదట. అందరూ ఫాస్ట్‌బ్యాక్ (వెనక కప్పు ఏటవాలుగా ఉండే రకం) అంటారు, తను మాత్రం కూపేనే అంటుంది. నవంబరుకి మా పెళ్లయి 15 ఏళ్లు. ఆ రోజు తాళం చేతిలో పెడదామని పోయిన నెల ఓక్లహోమా వెళ్లి ఒకటి కొన్నా. 21,500 డాలర్లు. "289 వీ8, సీ4 ఆటోమేటిక్, తుప్పు అస్సలు లేదు" అన్నాడు అమ్మినాయన. 289 అంటే 289 క్యూబిక్ ఇంచుల ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఎయిర్ క్లీనర్ మీద 289 అని స్టిక్కర్ కూడా ఉంది. రంగు అకపుల్కో బ్లూ. ఇంట్లో మాత్రం "ఫ్రెండ్ కారు, కొన్నాళ్లు మన గరాజ్‌లో పెట్టుకోమన్నాడు" అని చెప్పా.

ఇక బాధలు. బ్రేక్ తొక్కితే ఎడమకి లాగేస్తోంది. 2,500 ఆర్‌పీఎం దాటితే పార్క్ గేరులో నిలబెట్టి ఉన్నా సరే సీటు కింద గుయ్యిమని వణుకు. మూడోది నా స్వయంకృతం. ప్లగ్గులు, వైర్లు మార్చా. 289 పుస్తకంలో ఉన్నట్టే 1-5-4-2-6-3-7-8 వరసలో పెట్టా. అప్పట్నుంచీ కార్బురేటర్లోంచి ఢాం ఢాం. పక్కింటి కుక్క ఇంకా నన్ను క్షమించలేదు.

నా ప్లాను: అల్యూమినియం హెడ్లు, కొత్త క్యామ్, నాలుగు బారెళ్ల కార్బు, హెడర్లు. 350 హార్స్ పవర్ దాకా తీసుకెళ్లాలని. దేనితో మొదలెట్టమంటారు?

గుంటూరు_గేర్‌బాక్స్ (అట్లాంటా) · మార్చి 9

సీ4 పీకి అవతల పారెయ్యి అబ్బాయ్. ఐదు గేర్ల టీ5 మాన్యువల్ పెట్టు. మూడు గేర్ల బండి హైవే మీద 70 మైళ్ల స్పీడులో అరిచే అరుపుకి పక్కనున్న మనిషి మాట వినపడదు. పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని పోయే బండి కదా మరి.

మిషిగన్_మావయ్య · మార్చి 9

నాయనా, పవర్ మాట తర్వాత. ముందు మూడు సంగతులు చెప్పు. చక్రానికి నట్లెన్ని? నాలుగా, ఐదా? విన్ నంబరులో (కారు గుర్తింపు నంబరు) మొదటి ఐదు అక్షరాలేంటి? (హుడ్ ఎత్తితే డ్రైవర్ వైపు ఫెండర్ లోపలి రేకు (ఏప్రన్) పైఅంచున కొట్టి ఉంటుంది. తలుపు మీది ప్లేటు చూడకు, అది ఎవరైనా మార్చేస్తారు.) సిలిండర్ హెడ్ మీద పోతపోసిన అక్షరాలేంటి?

గోదారోడు_ఫ్రిస్కో · మార్చి 10

నట్లు నాలుగండీ. విన్ 7ఆర్01టి అని మొదలవుతోంది. హెడ్ మీద మసి తుడిస్తే ఇ7టిఇ అని కనిపించింది. ఎందుకడిగారు? నాకు కంగారుగా ఉంది.

మిషిగన్_మావయ్య · మార్చి 10

కంగారు పడాల్సిందే, కానీ భయపడక్కర్లేదు. కూర్చుని చదువు.

7 అంటే 1967. ఆర్ అంటే శాన్ హోజే ప్లాంటు. 01 అంటే కూపే. ఐదో అక్షరం ఇంజనుది. 289 రెండు బారెళ్లదైతే సి, నాలుగు బారెళ్లదైతే ఎ, హై పెర్ఫార్మెన్సుదైతే కె, 390 అయితే ఎస్ ఉండాలి. నీది టి. అంటే 200 క్యూబిక్ ఇంచుల ఆరు సిలిండర్ల ఇంజను, 120 హార్స్ పవర్. ఫ్యాక్టరీ నుంచి నీ కారు ఆరు సిలిండర్ల కారు.

ఇ7టిఇ హెడ్లు 1987 నుంచి వచ్చిన 5.0 లీటర్ల ఇంజనువి. ఎవరో తర్వాతి రోజుల మస్టాంగ్ ఇంజను తెచ్చి దించి, పైన 289 స్టిక్కర్ అతికించారు. నీ ఢాం ఢాం దీనివల్లే. ఆ 5.0 హెచ్‌ఓ (ఎక్కువ పవర్ రకం) క్యామ్‌కి ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-7-2-6-5-4-8. వైర్లు ఆ వరసలో పెట్టి చూడు, కుక్క శాంతిస్తుంది.

వణుకు సంగతికొస్తే, 289కీ పాత 302కీ (5.0 అంటే అదే) బయటి బ్యాలెన్సు, అంటే ఇంజను వణక్కుండా బయట తగిలించే బరువు లెక్క, 28 ఔన్సులు. 80ల మొదట్లో దాన్ని 50 ఔన్సులకి మార్చారు. సీ4తో పాటు పాత 28 ఔన్సుల ఫ్లెక్స్‌ప్లేటే (ఇంజను వెనక తిరిగే పళ్ల చక్రం) తగిలించి ఉంటారు. నిలబెట్టినా వణుకుతోందంటే చక్రాలది కాదు, ఇదే నా అనుమానం.

ఇవి రెండూ చిన్నవి. అసలు ప్రమాదం ఆ నాలుగు నట్లలో ఉంది. ఆరు సిలిండర్ల కారుకి నాలుగు నట్లు, వీ8కి ఐదు. లెక్క నట్లతో ఆగదు. ఆరు సిలిండర్ల కారులో ముందు డ్రమ్ములు 9 అంగుళాలు, వీ8లో 10. స్పిండిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు) సన్నం, టై రాడ్లు (స్టీరింగ్ కడ్డీలు) సన్నం, వెనక యాక్సిల్ చిన్నది. 120 గుర్రాలకి కట్టిన బ్రేకుల మీద నువ్వు ఇప్పటికే 225 గుర్రాలు తోలుతున్నావు. అందులోనూ 67 నాటి అంకెలు గ్రాస్ లెక్క (ఉత్త ఇంజనుది), 87 నాటివి నెట్ లెక్క (అన్నీ తగిలించాక), కాబట్టి తేడా అంకెల్లో కనిపించే దానికన్నా ఎక్కువ. నువ్వేమో 350 అంటున్నావు.

బ్రేకులయ్యేదాకా దాన్ని వీధి చివరికి కూడా తీసుకెళ్లకు.

బే_ఏరియా_బుల్లోడు · మార్చి 10

శాన్ హోజే ప్లాంటు అంటే మిల్పిటస్‌లో ఉండేదే కదా! 1983లో మూసేశారు. ఇప్పుడది గ్రేట్ మాల్. మీ కారు పుట్టిన చోట నేను చెప్పులు కొనుక్కున్నా అన్నమాట.

ఇంజను ఎలాగూ ఒరిజినల్ కాదుగా, తీసేసి ఎలక్ట్రిక్ చేసెయ్యండి. పొద్దున్నే ఛార్జింగ్, వణుకు ఉండదు, ఢాం ఢాం ఉండదు.

గుంటూరు_గేర్‌బాక్స్ · మార్చి 10

ఏందయ్యా ఇది, పెళ్లి భోజనానికొచ్చి ఓట్స్ అడిగినట్టు.

మోడరేటర్ · మార్చి 10

ఎలక్ట్రిక్ మార్పిళ్లకి వేరే థ్రెడ్ ఉంది. ఆ గొడవ అక్కడ పడండి.

రెంచి_రాణి (ఎడిసన్, న్యూజెర్సీ) · మార్చి 11

మావయ్య గారు చెప్పిందానికి తిరుగు లేదు. నా 66 కూపే విన్‌లో రెండో అక్షరం టి, అది ప్లాంటు కోడు, మెటచెన్. ప్లాంటు పేరు మెటచెన్ గానీ ఉన్నది మా ఎడిసన్‌లోనే. 2004లో మూతపడింది, ఇప్పుడు ఆ జాగాలో దుకాణాల సముదాయం. కూరగాయలకి వెళ్లినప్పుడల్లా నా కారు పుట్టిల్లు దాటి వెళ్తుంటా.

తమ్ముడూ, "తుప్పు అస్సలు లేదు" అన్నాడన్నావు చూడు, ఆ మాట నేను నమ్మను. ఈ కార్లకి విండ్‌షీల్డ్ కింద గాలి జాలీలు ఉంటాయి, దాన్ని కౌల్ అంటారు. వానొస్తే నీళ్లు అందులోంచి దిగి పక్కకి పోవాలి. లోపల గాలి వచ్చే రంధ్రం చుట్టూ రేకు టోపీ లాంటిది ఉంటుంది. ఏళ్ల తరబడి ఆకులూ మట్టీ చేరి తడి ఆరక ఆ టోపీ అడుగు తుప్పు పడుతుంది. పైకి ఏమీ కనపడదు. రంగు తళతళలాడుతూనే ఉంటుంది.

పరీక్ష సులువు. కార్పెట్ ముందు భాగం ఎత్తు. లోపల టార్చి పట్టుకుని ఒకరు కూర్చోండి. బయట నుంచి చెంబుతో ఒక్కో వైపు నెమ్మదిగా నీళ్లు పొయ్యండి. ముందు చక్రాల వెనక నుంచి నీళ్లు నేల మీద పడితే సరే. కాళ్ల దగ్గర చుక్క పడిందా, కౌల్ పోయింది.

ఇంకో మాట. ఇందులో పెట్రోల్ ట్యాంకు పైభాగమే ట్రంక్ (డిక్కీ) అడుగు. వెనక సీటుకీ ట్యాంకుకీ మధ్య అట్ట, గుడ్డ తప్ప ఏమీ ఉండదు. పిల్లలుంటే వెనక సీటు వెనకాల ఇనుప రేకు బిగించు. 67లో మామూలుగా వచ్చేవి నడుం బెల్టులే, అవి మార్చి మూడు చోట్ల బిగించేవి పెట్టు. అల్యూమినియం హెడ్లు వచ్చే జన్మకి చూసుకోవచ్చు.

కాంటెస్సా_కాచిగూడ · మార్చి 12

అన్నా, హైదరాబాద్ కెల్లి రాస్తున్న. మాకాడ కాంటెస్సానే మజిల్ కారు. వాక్సాల్ విక్టర్ డిజైను, ఉత్తర్‌పారాలో కట్టిండ్రు, ఇసుజు 1.8 ఇంజను. నా దానికి టెయిల్ లైట్ అద్దం కోసం ఎనిమిది నెలల సంది తిరుగుతున్న. మీకేమో కేటలాగ్ తెరిస్తే ఫెండరు, తలుపు, నేల రేకు, ఆఖరికి బాడీ మొత్తం కొత్తది దొరుకుతది. అదృష్టవంతులు. ఆ చెంబు పరీక్ష చేసినంక ఏమైందో చెప్పుండ్రి, నిద్ర పడ్తలేదు.

గోదారోడు_ఫ్రిస్కో · మార్చి 17

వైర్లు మార్చా. మావయ్య గారికి సాష్టాంగం. మొదటి తిప్పుకే పలికింది, ఢాం ఢాం మాయం.

మా ఆవిడ హ్యూస్టన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లింది కదా అని కారు డ్రైవ్‌వే మీదకి తోసి స్టాండ్ల మీద ఎత్తా. చెంబు పరీక్ష కూడా చేశా. డ్రైవర్ వైపు పొడి. ప్యాసింజర్ వైపు చుక్కలు కాదండీ, ధార.

గోదారోడి_ఇంటావిడ · మార్చి 29

నమస్కారం. కొత్త సభ్యురాలిని.

మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వచ్చింది. డ్రైవ్‌వేలో చక్రాల్లేని వాహనం పెట్టినందుకు హెచ్చరిక, సాక్ష్యంగా ఫొటో. ఇల్లు నా పేరు మీద ఉంది కాబట్టి ఉత్తరమూ నా పేరు మీదే వచ్చింది. ఫొటోలో కారు కింద నుంచి రెండు కాళ్లు కనిపిస్తున్నాయి. ఆ చెప్పులు నేను కొన్నవే.

67 మస్టాంగ్ అప్పగించి వెళ్లే ఫ్రెండ్ ఈయనకి లేడని మొదటి రోజే తెలుసు. నవంబరు దాకా ఊరుకుందామనుకున్నా. కానీ ఈ థ్రెడ్ మొత్తం చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. అందరూ నా కారు గురించే మాట్లాడుతున్నారు, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

350 హార్స్ పవర్ నాకొద్దు. ఉన్న 225 చాలు. రెండు చేతులూ వేసి గింజుకోకుండా పార్కింగ్‌లో తిప్పగలగాలి. జూలైలో టెక్సాస్ ఎండకి పనికొచ్చే ఏసీ కావాలి. నా ఎత్తు అయిదడుగులు, సీటు నాకు అందేలా ఉండాలి. బ్రేకులు మావయ్య గారు చెప్పినట్టు. కౌల్ రాణి గారు చెప్పినట్టు.

చివరిది, ముఖ్యమైనది. ఆటోమేటిక్ తీసెయ్యాలి. గేర్‌బాక్స్ గారు చెప్పిన ఐదు గేర్లది నాకు కావాలి. ఆడమనిషి కారు అనగానే ఆటోమేటిక్ ఉంచేద్దామని ఈయన రాసుకున్న కాగితం చూశా. కాకినాడలో మా నాన్నగారి మారుతి 800 మీద నేర్చుకున్నా నేను. భానుగుడి జంక్షన్లో సాయంత్రం పూట క్లచ్ తొక్కిన కాళ్లివి. ఈయన రాజమండ్రిలో మోపెడ్ నుంచి దిగి సరాసరి అమెరికాలో ఆటోమేటిక్ ఎక్కారు. క్లచ్ రానిది ఈయనకి.

గోదారోడు_ఫ్రిస్కో · మార్చి 29

చచ్చాను.

గుంటూరు_గేర్‌బాక్స్ · మార్చి 29

అమ్మాయ్, నీకు దణ్ణం పెడుతున్నా. ఇరవై ఏళ్లుగా ఇక్కడ టీ5 టీ5 అని మొత్తుకుంటున్నా, మొదటిసారి ఒక మనిషి నా మాట విన్నది.

80ల చివరి 5.0 మస్టాంగ్‌లోంచి తీసిన వరల్డ్ క్లాస్ టీ5 (టీ5లో మెరుగైన రకం) వెతకండి. మీ ఇంజనుతో వచ్చిన జోడీయే అది, 225 గుర్రాలకి సరిగ్గా సరిపోతది. గేర్‌బాక్స్ కింద క్రాస్‌మెంబర్ మారాలి. క్లచ్ పెడలు, దాని బ్రాకెట్ మాన్యువల్ కారువి కావాలి. గేరు రాడ్ రావాల్సిన చోటకే దగ్గరగా వస్తది. ఇంకో లాభం కూడా ఉంది. ఫ్లెక్స్‌ప్లేట్ పోయి దాని బదులు 50 ఔన్సుల ఫ్లైవీల్ వస్తది గనక మావయ్య చెప్పిన వణుకు కూడా దాంతోనే పోవాలి.

మిషిగన్_మావయ్య · మార్చి 30

అమ్మా, నిన్నే ముందు అడగాల్సింది. తప్పు మాదే.

క్లచ్ వస్తోంది కాబట్టి ఒక హెచ్చరిక. బ్రేక్ బూస్టర్ (బ్రేకు తేలిగ్గా తొక్కేలా చేసేది) కొనేముందు ఆగండి. ఆటోమేటిక్ కార్ల కోసం చేసిన కిట్లలో వెడల్పాటి పెడలు, దాని బ్రాకెట్ వస్తాయి. పక్కన క్లచ్ పెడల్‌కి చోటుండదు. మాన్యువల్ కారుకి సరిపడేదని రాసి ఉంటేనే కొనండి. చాలామంది రెండుసార్లు కొంటారు.

ముందు చక్రాలకి 1967 మోడల్‌కి సరిపోయే స్పిండిల్స్‌తో కలిపి వచ్చే డిస్కు కిట్ తీసుకోండి. డబ్బు ఆదా కావాలంటే 70ల చివరి ఫోర్డ్ గ్రనాడా కారు స్పిండిల్స్, డిస్కులు పాత సామాను యార్డులో వెతకొచ్చు, మస్టాంగ్ వాళ్లు నలభై ఏళ్లుగా చేస్తున్న పనే. కానీ ఈ రోజుల్లో అవి దొరకడం గగనం. వెనక 8 అంగుళాల యాక్సిల్, 10 అంగుళాల డ్రమ్ములు చాలు. ముందు డిస్కు, వెనక డ్రమ్ అయినప్పుడు మధ్యలో ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గించేది) మరిచిపోవద్దు. లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే బిగిసి బండి తిరిగిపోతుంది. ముందు సస్పెన్షన్ విప్పి ఉన్నప్పుడే పై కంట్రోల్ ఆర్మ్ ఒక అంగుళం కిందకి దింపే షెల్బీ డ్రాప్ కూడా చేసుకోండి. ఒక్కో వైపు రెండు రంధ్రాల పని, మలుపుల్లో తేడా తెలుస్తుంది.

రెంచి_రాణి · మార్చి 30

చెల్లీ, స్వాగతం. మొత్తానికి ఇక్కడ నాకో తోడు దొరికింది.

పని వరస మాత్రం తారుమారు చెయ్యకండి. కౌల్ ముందు, ఏసీ తర్వాత. హీటర్ పెట్టె ఉండేది సరిగ్గా ఆ కారుతున్న చోటు కింద. ముందు ఏసీ పెట్టేస్తే కౌల్ కోసం మళ్లీ డాష్ అంతా విప్పాలి. పై ప్యానెల్ తియ్యడానికి వంద పైచిలుకు స్పాట్ వెల్డులు తొలచాలి. మా ఇంట్లో ఆ పని చేసిన వారం మేమిద్దరం మాట్లాడుకోలేదు. ప్లాస్టిక్ టోపీలు అతికించి సీలెంట్ పూసే చౌక దారి ఉంది, రెండు వానలకి ఊడుతుంది.

ఏసీ వస్తే కరెంటు కూడా చూసుకోవాలి. అసలు ఆల్టర్నేటర్ ఇచ్చేది సుమారు 40 ఆంపులు. ఏసీ ఫ్యాను, రేడియేటర్ ఫ్యాను కలిపితే అది చాలదు. హెడ్‌లైట్ల కరెంటంతా డాష్ స్విచ్ గుండానే పోతుంది, అక్కడ రిలేలు పెట్టించు.

కాంటెస్సా_కాచిగూడ · మార్చి 31

వదినా, భానుగుడి మాట చెప్పి మస్తు నవ్వించిండ్రు. మా దిక్కు ఆఫీసు టైముల పంజాగుట్టల ఓసారి తొక్కి చూడుండ్రి క్లచ్, అప్పుడు మాట్లాడుదాం.

గోదారోడు_ఫ్రిస్కో · 2024 ఆగస్టు 18

చాలా రోజులైంది. సెలవు రోజు గరాజ్‌లో 108 డిగ్రీల ఫారెన్‌హీట్. పొద్దున అయిదుకి మొదలెట్టి తొమ్మిదికి ఆపేస్తున్నాం.

కౌల్ అయింది. వెల్డింగ్ నేను చెయ్యలేదు, ఓ మెక్సికన్ పెద్దాయన చేశారు. మేం తొలచడమే. లెక్కపెట్టింది మా ఆవిడే, 140 దాటాక విసిగి మానేసింది. లోపల టోపీ అడుగున చెయ్యి పట్టేంత కన్నం. ఆకుల కింద ఒక పెన్సిలు, ఎలుక గూడు, 1971 నాటి పెన్నీ. పెన్నీ మా అబ్బాయి తీసుకున్నాడు.

ముందు డిస్కులు బిగించాం. స్పిండిల్స్‌తో కలిపి 1,240. 8 అంగుళాల యాక్సిల్ వాకోలో దొరికింది, 700. మాన్యువల్ కారుకి సరిపడే బూస్టర్ గురించి మావయ్య గారు చెప్పకపోతే తప్పుది కొనేవాణ్ణి, అప్పటికే కార్ట్‌లో వేసి ఉంచా.

తప్పొకటి చేశా, ఒప్పుకుంటున్నా. టీ5 కోసం ఓ మనిషికి 400 అడ్వాన్సు పంపా. తర్వాత ఫోను ఎత్తలేదు.

గోదారోడి_ఇంటావిడ · ఆగస్టు 18

చూడకుండా డబ్బు పంపొద్దని చెప్పా. అంతకు మించి ఏమీ అనలేదు. అనలేదన్న సంగతి ఇక్కడ రికార్డులో ఉండాలి.

గుంటూరు_గేర్‌బాక్స్ · ఆగస్టు 19

నా దగ్గర ఒకటుంది. 89 కారుది, సింక్రోలు కిందటేడే మార్చా. 900కి ఇస్తా. అట్లాంటా రావాలి, ముందు చేత్తో తిప్పి చూసుకుని డబ్బివ్వండి. భోజనం మా ఇంట్లోనే, గోంగూర ఉంటది.

గోదారోడి_ఇంటావిడ · 2024 నవంబరు 22

నిన్న పెళ్లిరోజు. కారు ఇంకా స్టాండ్ల మీదే ఉంది. ఈయన నాకు కొత్త టై రాడ్ల పెట్టెకి రిబ్బను కట్టి ఇచ్చారు. నేను ఈయనకి మోకాళ్ల కింద వేసుకునే మెత్త ఇచ్చా.

ఒక సమస్య. సీటు పూర్తిగా ముందుకి జరిపినా, క్లచ్ అడుగంటా తొక్కాలంటే నడుము జారిపోతోంది. వీపు వెనక దిండు పెట్టుకుంటే బెల్టు మెడ మీదకొస్తోంది. అట్లాంటా వెళ్లి తెచ్చుకున్న గేరు ఇప్పుడు అందకపోతే ఎలా?

రెంచి_రాణి · నవంబరు 22

దిండు వద్దు, ప్రమాదం. సీటు పట్టాలకి, నేలకి మధ్య గట్టి బ్రాకెట్లు చేయించి సీటు మొత్తాన్ని రెండంగుళాలు ముందుకి, ఒకంగుళం పైకి జరపండి. నా ఎత్తు అయిదడుగుల ఒకటి, నేను అదే చేశా. గేర్‌బాక్స్ గారూ, క్లచ్ కేబులుదే కదా? సర్దితే పట్టు కొంచెం పైనే దొరుకుతుంది, అడుగంటా తొక్కనక్కర్లేదు.

గుంటూరు_గేర్‌బాక్స్ · నవంబరు 23

కేబులుదే. సర్దొచ్చు. మరీ బిగించొద్దు, బేరింగు అరుగుతది.

గోదారోడు_ఫ్రిస్కో · 2025 ఏప్రిల్ 6

అయిందండీ.

లెక్క: కారు 21,500. దాని మీద 14,000 చిల్లర. అందులో ఇంజను పవర్ పెంచడానికి పెట్టింది సున్నా. స్టీరింగ్ పెట్టె, ఏసీ, ఆల్టర్నేటర్, బెల్టులు, ట్రంకు రేకు, కౌల్, బ్రేకులు, టీ5, దాంతో పోయిన నా 400. రంగు జోలికి పోలేదు, ఎడమ ఫెండర్ మీద గీత అలాగే ఉంది. యాంటిక్ నంబరు ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలకీ ఊరేగింపులకే నడపాలన్నారు, అందుకని క్లాసిక్ ప్లేటు తీసుకున్నాం. ఇన్సూరెన్సు ముందే ధర ఒప్పుకుని రాసే రకం.

మొదటి డ్రైవు లేక్ టెక్సోమా దాకా. నడిపింది తనే. వణుకు లేదు. 70 మైళ్ల స్పీడులో ఐదో గేరులో పిల్లలు వెనక కొట్టుకోవడం స్పష్టంగా వినిపించింది. తిరిగొచ్చేటప్పుడు గట్టి వాన. నేను దారంతా కార్పెట్ తడుముతూ కూర్చున్నా. పొడి.

మిషిగన్_మావయ్య · ఏప్రిల్ 6

సంతోషం నాయనా. ఒక్క ఫొటో పెట్టు. కారుది కాదు, ముందు చక్రానిది. ఐదు నట్లు కనపడాలి.

కాంటెస్సా_కాచిగూడ · ఏప్రిల్ 7

మంచిగైంది అన్నా. నాక్కూడ టెయిల్ లైట్ దొరికింది. ఎడమ వైపుది. నాకు కావాల్సింది కుడిది.

గోదారోడి_ఇంటావిడ · ఏప్రిల్ 12

ఐదు నట్ల ఫొటో పెట్టా మావయ్య గారూ, పైన చూడండి.

వచ్చే ఆదివారం హైస్కూలు ఖాళీ పార్కింగ్‌లో ఈయనకి క్లచ్ నేర్పుతున్నా. నిన్న గరాజ్‌లోంచి వెనక్కి తీస్తూ ఏడుసార్లు ఆపేశారు. గేర్‌బాక్స్ గారూ, క్లచ్ ప్లేటు ఇంకొకటి ముందే కొని పెట్టుకోమంటారా?

గుంటూరు_గేర్‌బాక్స్ · ఏప్రిల్ 12

రెండు కొనమ్మా.